గుండె వాల్వు జబ్బులు: మన నల్లగొండ, పాలమూరు ఓపీల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుండె ఆపరేషన్లు చేసే సర్జన్‌ని కాదు, జనరల్ ఫిజీషియన్‌ని. పాలమూరులో పుట్టి నల్లగొండలో పనిచేస్తున్నాను. ఆయాసమని వచ్చిన మనిషిని మొదట చూసేది మాలాంటి వాళ్లమే. పట్నంలో వాల్వు మార్పించుకుని వచ్చాక నెలనెలా రక్తపరీక్ష చూసి రక్తం పల్చబడే గోలీ పెంచేది, తగ్గించేది కూడా మేమే. ఇన్నేళ్లలో పేషెంట్లు, వాళ్ల ఇంటివాళ్లు అడిగిన ప్రశ్నలను వీలైనంత వరకు వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాశాను. కొన్నిటికి జవాబు చిన్నదే. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా వేసే 21 రోజుల పెనిసిలిన్ సూది గురించి మాత్రం ఎక్కువ రాశాను, ఎందుకంటే ఈ జబ్బులో పూర్తిగా మన చేతిలో ఉన్న భాగం అదే.

వాల్వు అంటే అసలేంది సార్? రంధ్రం, బ్లాకు, వాల్వు మూడూ ఒకటేనా?

కాదు. మూడూ వేర్వేరు.

బావి మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది కదా, నీళ్లు పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. గుండెలో అలాంటివి నాలుగు ఉన్నాయి: మైట్రల్, అయోర్టిక్, ట్రైకస్పిడ్, పల్మనరీ. పల్చటి పొరలతో చేసిన తలుపులు అవి. మైట్రల్‌కు రెండు రెక్కలు, మిగతా మూడింటికి మూడేసి. రోజుకు సుమారు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఇవి రెండు రకాలుగా చెడిపోతాయి. రెక్కలు అతుక్కుపోయి, గట్టిపడి సరిగా తెరుచుకోకపోతే స్టెనోసిస్, అంటే దారి ఇరుకైపోవడం. సరిగా మూసుకోక రక్తం వెనక్కి వస్తే రిగర్జిటేషన్, మనవాళ్లు లీకు అంటారు. ఒకే వాల్వుకు రెండూ ఉండొచ్చు.

బ్లాకు అంటే గుండె కండరానికే రక్తం తెచ్చే సన్నటి నాళాల్లో పూడిక. దానికి స్టెంట్ వేస్తారు. రంధ్రం అంటే గుండె గదుల మధ్య గోడలో పుట్టుకతో మిగిలిపోయిన సందు. ‘స్టంట్ వేయించినం, ఇంకా ఆయాసం పోలేదు’ అని వచ్చినవాళ్లలో వాల్వు లీకు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ఒకటి బాగుచేస్తే రెండోది బాగుపడదు.

మా బిడ్డకు పద్నాలుగేండ్లే. ఈ వయసులో వాల్వు ఎట్ల ఖరాబైతది?

మన దగ్గర పిల్లల్లో, యువకుల్లో వాల్వు చెడిపోవడానికి పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. అది గొంతు నొప్పితో మొదలవుతుంది.

స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. గొంతు ఎర్రబడి, మింగడం కష్టమై, జ్వరం వస్తుంది. నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లోపల మాత్రం మరో పని జరుగుతుంటుంది. ఆ క్రిమి మీదికి పోవడానికి ఒంట్లో తయారైన రక్షణ దళం, గుండె వాల్వు పొరను కూడా శత్రువే అనుకుని దాడి చేస్తుంది. క్రిమి పైపొర, వాల్వు పొర కొంత ఒకేలా ఉండటం వల్ల వచ్చే పొరపాటు ఇది. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం మళ్లీ వస్తుంది. మోకాలు వాచి, ఎర్రబడి, ముట్టుకోనివ్వదు. రెండు రోజులకు అది తగ్గి చీలమండ పట్టుకుంటుంది, తర్వాత మోచెయ్యి. కీళ్లు చివరికి పూర్తిగా బాగైపోతాయి. గుండె అన్నిసార్లూ అలా బాగుకాదు.

కొందరు పిల్లలకు కీళ్లనొప్పుల బదులు చేతులు, ముఖం తమ ప్రమేయం లేకుండా కదులుతుంటాయి. అన్నం పళ్లెం జారిపోతుంది, నోటుబుక్కులో రాత ఒక్కసారిగా పాడవుతుంది, బడిలో దెబ్బలు తింటారు. దీన్ని కొరియా అంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి, నెలల తర్వాత మా దగ్గరికి తెచ్చిన పిల్లలను చూశాను. తాయెత్తు తీసేయమని నేను ఎవరికీ చెప్పను, అది ఉండనివ్వండి. అదే వారంలో పిల్లకు టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్ మాత్రం చేయించండి.

ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే ఇళ్లలో, రద్దీ హాస్టళ్లలో ఈ గొంతు క్రిమి సులువుగా పాకుతుంది. జబ్బు ఎక్కువగా పేదింటి పిల్లలకే రావడానికి కారణం ఇదే. అంతేగాని ఎవరి పాపమూ కాదు, వంశదోషమూ కాదు.

గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెనిసిలిన్ రకం మందు మొదలుపెడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపొచ్చు. ఒక్క బెంజథిన్ పెనిసిలిన్ సూది, లేదా పూర్తి పది రోజుల గోలీలు. మూడో రోజుకే నొప్పి తగ్గిందని గోలీలు ఆపేస్తే పని కాదు.

మాది మర్రిగూడ దిక్కు. కీళ్ల నొప్పులంటే ఫ్లోరైడ్ నీళ్లే కారణం కదా?

ఈ ప్రశ్న నల్లగొండలో తప్ప ఇంకెక్కడా ఇంత ఎక్కువగా వినపడదేమో. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎన్ని బతుకులను వంచిందో మనందరికీ తెలుసు. అందుకే ఇక్కడ పిల్లవాడు కాళ్లు నొప్పి అనగానే ‘నీళ్ల నొప్పి’ అనేస్తారు. ఆ మాటతోనే రుమాటిక్ జ్వరం తప్పించుకుపోతుంది.

తేడా ఇలా పట్టండి. ఫ్లోరైడ్ నొప్పి ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. నడుము, మెడ బిగుసుకుంటాయి, జ్వరం ఉండదు, కీలు వేడిగా వాచి ఉండదు. రుమాటిక్ జ్వరంలో నొప్పి రోజుల్లోనే వస్తుంది. జ్వరం ఉంటుంది. కీలు వాచి వేడిగా ఉంటుంది, ఒక కీలు నుంచి ఇంకో కీలుకు దూకుతుంది. పిల్లవాణ్ని అడగండి: ‘నిన్న ఏ కాలు నొచ్చింది, ఇయ్యాల ఏ కాలు నొస్తుంది?’ జవాబు మారితే ఆగకుండా దవాఖానకు తీసుకురండి.

21 రోజులకొక సూది ఎందుకు? ఎన్నేండ్లు వేయించాలె?

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లవాడికి గొంతు క్రిమి మళ్లీ సోకితే జ్వరం మళ్లీ వస్తుంది, వాల్వు ఇంకొంచెం చెడుతుంది. మూడోసారి ఇంకొంచెం. వాల్వు ఒక్క దెబ్బకే పాడయ్యే సందర్భాలు తక్కువ. చాలామందిలో మళ్లీ మళ్లీ తగిలిన దెబ్బలకే పాడవుతుంది. సూది పని ఆ మళ్లీని ఆపడం.

మందు పేరు బెంజథిన్ పెనిసిలిన్. మనవాళ్లు పెనిడ్యూర్ సూది అంటారు. పెద్దవాళ్లకు, బరువున్న పిల్లలకు 12 లక్షల యూనిట్లు. సుమారు 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షలు. పిర్ర కండరంలో లోతుగా వేస్తారు. మందు అక్కడే నిలిచి మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతుంది. మూడు వారాలు దాటితే రక్తంలో దాని బలం సరిపోదు. అందుకే 21 రోజులన్నాం. నెలకోసారి అనుకుంటే ప్రతి నెలా వారం పైగా తలుపు తెరిచిపెట్టినట్టే.

ఎన్నేళ్లు అన్నది గుండెను బట్టి. జ్వరం వచ్చినా గుండెకు ఏమీ కాకపోతే కనీసం ఐదేళ్లు లేదా 21 ఏళ్ల వయసు వరకు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. గుండెకు వాపు వచ్చి పూర్తిగా తగ్గితే పదేళ్లు లేదా 21 ఏళ్ల వయసు వరకు, ఏది ఎక్కువైతే అది. వాల్వు చెడిపోయి ఉంటే పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వరకు, ఇక్కడా ఏది ఎక్కువైతే అది, కొందరికి జీవితాంతం. ఇరుకైన వాల్వును బెలూన్‌తో తెరిపించుకున్నా, వాల్వు మార్పించుకున్నా సూది ఆపకూడదు. మార్చింది ఒక వాల్వును. మిగతావి మీవే, గొంతు కూడా మీదే.

సూది నొప్పి నిజం. పిల్లలు ఏడుస్తారని తల్లులు మానేస్తారు, నాకు అర్థమవుతుంది. మా దగ్గర ఒక సిస్టర్ ఉండేది. మందు కలిపిన సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, పిల్లతో మాట్లాడుతూ నిమిషం సేపు దొర్లించేది. చల్లటి మందు ఒంటి వేడికి రావాలని. తర్వాత పిల్లను బోర్లా పడుకోబెట్టి, సూది దించి, మందును చాలా నెమ్మదిగా, మూడు నిమిషాల దాకా తీసుకుని ఎక్కించేది. తొందరగా తోస్తే ఎక్కువ నొప్పి. మిగతా చోట సూదికి పారిపోయే పిల్లలు ఆమె డ్యూటీ రోజు అడిగి మరీ వచ్చేవాళ్లు. మీ దగ్గర సూది వేసేవాళ్లను ఇలా వేయమని అడగండి. తప్పేమీ లేదు.

తేదీ గుర్తు పెట్టుకోవడానికి ఫోన్ అలారం మంచిదే. కానీ నేను చూసినవాళ్లలో ఒక్కటి కూడా తప్పకుండా వేయించుకున్నది ఏడో తరగతి అమ్మాయి. కిరాణా షాపు క్యాలెండర్‌లో 21 రోజులకోసారి ఎర్ర పెన్నుతో సున్న చుట్టేది. బతుకమ్మ ఆ తేదీకి పడితే సూది ముందే వేయించుకుని వచ్చేది. ఒకరోజు ముందైతే నష్టం లేదు, ఆలస్యమైతేనే నష్టం.

పెనిసిలిన్ పడక సచ్చిపోయిన్రని విన్నం. ఊర్ల డాక్టర్ సూది వెయ్యనంటున్నడు.

పెనిసిలిన్ తీవ్రంగా పడకపోవడం చాలా అరుదు, కానీ ఉంది. అందుకే సూదిని ఇంట్లోనో, బస్టాండ్ పక్క గదిలోనో కాకుండా, రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ మందు ఉన్న చోటే వేయించాలి. వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. ఇంతకుముందు పెనిసిలిన్‌కు దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. వేరే మందు గోలీల రూపంలో ఉంది.

ఇంకో మాట. వాల్వు బాగా చెడిపోయి, నడిస్తేనే ఆయాసం వస్తూ, గుండె బలహీనపడిన వాళ్లు సూది వేసిన వెంటనే కుప్పకూలితే అది ఎప్పుడూ అలర్జీయే కాదు. నొప్పికి, భయానికి బీపీ పడిపోవడాన్ని ఆ బలహీనమైన గుండె తట్టుకోలేదు. అలాంటి వాళ్లకు సూదికి బదులు రోజూ గోలీలు మేలని ఇప్పుడు చెబుతున్నారు. మీరు ఆ కోవలో ఉన్నారా అన్నది మీ గుండె డాక్టరు తేలుస్తారు. ఖాళీ కడుపుతో రాకండి, నీళ్లు తాగి రండి, పడుకుని వేయించుకోండి.

మా నాయినకు డెబ్బై దాటినయ్. చిన్నప్పుడు ఏ జ్వరం రాలే. మరి ఆయనకెందుకు?

వయసుతో అయోర్టిక్ వాల్వు మీద సున్నం పేరుకుని బండలా గట్టిపడుతుంది. పుట్టుకతో మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నవాళ్లకు ఇది పది పదిహేనేళ్లు ముందే వస్తుంది. నూటికి ఒకరిద్దరు అలా పుడతారు. ఇవి కాక మైట్రల్ రెక్క సాగిపోవడం, గుండెపోటు తర్వాత వాల్వును పట్టి ఉంచే కండరం దెబ్బతినడం, వాల్వుకు చీము పట్టడం కూడా కారణాలే.

అయోర్టిక్ వాల్వు ఇరుకైతే మూడు గుర్తులు: నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం. పొలం గట్టు ఎక్కుతూ తాత పడిపోతే ఎండ దెబ్బ అని మజ్జిగ తాగించి వదిలేయకండి. ఈ గుర్తులు మొదలయ్యాక వాల్వు మార్చకపోతే చాలామంది రెండు మూడేళ్లకు మించి బతకరు. మార్చితే మామూలు మనిషిలా తిరుగుతారు. ఇంత తేడా తెచ్చే చికిత్సలు వైద్యంలో ఎక్కువ లేవు. ‘ఈ వయసులో ఏం ఆపరేషన్’ అని ఇంటివాళ్లు అనేస్తారు, పెద్దాయన కూడా మొహమాటానికి సరే అంటాడు. ఆయన్ను పక్కకు పిలిచి అడగండి.

నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ గోలీని ఛాతీ నొప్పి అనగానే ఎవరికి పడితే వారికి పెట్టకండి. ఈ వాల్వు బాగా ఇరుకైన వాళ్లకు అది బీపీని ప్రమాదంగా పడగొట్టొచ్చు.

వాల్వు జబ్బు అని ఎట్ల తెలుస్తది? ఆయాసం ఎవరికైనా వస్తది కదా.

పోయినేడు ఎక్కిన గుట్టను ఈ ఏడు మధ్యలో ఆగకుండా ఎక్కలేకపోవడం. వెల్లకిలా పడుకుంటే దమ్ము ఆడక గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోవడం. నిద్రలో ఒక్కసారిగా ఊపిరాడక లేచి కిటికీ దగ్గరికి పోవడం. గుండె దడ, కాళ్ల వాపు, దగ్గులో రక్తం చారలు. ఇవి ఉంటే చూపించుకోండి. 30 ఏళ్ల మనిషికి పక్షవాతం వస్తే వాల్వును చూడాల్సిందే. ఇరుకైన మైట్రల్ వెనుక గది సాగి, గుండె లయ తప్పి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి ఉండొచ్చు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవరకొండ వైపు నుంచి పత్తి ఏరడానికి పోయే ఒకామె వచ్చింది. దగ్గు, రాత్రి ఆయాసం. ఆస్తమా అనుకుని పీల్చే మందు రాశాను. నెలకు మళ్లీ వస్తే మోతాదు పెంచాను. మూడోసారి కఫంలో రక్తం చార చూపించింది. టీబీ పరీక్ష రాయబోతూ ఎందుకో, ‘అమ్మా, ఎడమ పక్కకు తిరిగి పడుకో’ అని స్టెతస్కోపు గుండె కొస దగ్గర పెట్టాను. దూరంగా ఉరుము ఉరిమినట్టు సన్నటి గుడగుడ. మైట్రల్ ఇరుకైనప్పుడు వినిపించే శబ్దం అది. కూర్చోబెట్టి చొక్కా మీద నుంచి వింటే వినపడదు. రెండు నెలలు నేను అలాగే విన్నాను. ఆమెకు తర్వాత బెలూన్ చేశారు, బాగుంది. కానీ ఆ రెండు నెలల రాత్రులు ఆమె గోడకు ఆనుకుని కూర్చున్నది నా వల్ల. డాక్టరు మిమ్మల్ని పడుకోబెట్టి వినకపోతే, ‘సార్, ఒకసారి పడుకుంటా, వినండి’ అని అడిగే హక్కు మీకుంది.

ఈసీజీ నార్మల్ వచ్చింది. ఇంకా ఎకో ఎందుకు?

ఈసీజీ కరెంటు లెక్క. తలుపు ఎంత తెరుచుకుంటుందో అది చెప్పదు. వాల్వును కంటికి చూపేది టూడీ ఎకో. కడుపుతో ఉన్నవాళ్లకు చేసే స్కానింగ్ లాంటిదే, సూది లేదు, రేడియేషన్ లేదు. ఛాతీ మీద జెల్లీ రాసి ఇరవై ముప్పై నిమిషాల్లో చేస్తారు. డాప్లర్‌తో రక్తం ఎంత వేగంగా పోతుందో, ఎంత వెనక్కి వస్తుందో కొలుస్తారు.

రిపోర్టులో మీకు ఉపయోగపడే అంకెలు చెబుతాను. మైట్రల్ వాల్వు దారి మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం. అయోర్టిక్ మామూలుగా 3 నుంచి 4, ఒకటికి తగ్గితే తీవ్రం. గుండె పంపింగ్ శాతం 60 దగ్గర ఉంటే మంచిది. కానీ ‘పంపింగ్ మంచిగుంది’ అంటే వాల్వు మంచిగుందని కాదు. ఈ పొరపాటు నేను వారానికి ఒకసారైనా సరిచేస్తుంటాను.

ఎకోలో ‘ట్రివియల్’ లేదా ‘మైల్డ్’ లీకు అని రాస్తే కంగారు పడకండి. ఆరోగ్యవంతుల్లో కూడా కొంచెం లీకు కనిపిస్తుంది. పిల్లల గుండెలో వినిపించే మర్మర్లలో, అంటే అదనపు శబ్దాల్లో, చాలావరకు ఏ జబ్బూ లేనివే. ఒకసారి ఎకోతో తేల్చుకుంటే సరిపోతుంది.

అవసరమైతే గొంతు ద్వారా గొట్టం దించి చేసే ఎకో, సీటీ, 40 దాటినవాళ్లకు ఆపరేషన్ ముందు యాంజియోగ్రామ్ చేస్తారు. ఏఎస్ఓ అనే రక్తపరీక్ష ఒక్కటే ఎక్కువ వచ్చిందని రుమాటిక్ జబ్బు అని ముద్ర వేయకూడదు. గొంతు క్రిమి ఈమధ్య వచ్చిపోయిందని మాత్రమే దాని అర్థం.

గోలీలతోని తగ్గదా?

ఒంట్లో నీరు తగ్గించే గోలీ ఆయాసాన్ని తగ్గిస్తుంది. దడ తగ్గించే గోలీ గుండెను నెమ్మదిగా కొట్టుకోనిస్తుంది. అతుక్కుపోయిన రెక్కను విడదీసే గోలీ గాని, సున్నం కరిగించే మందు గాని ఇప్పటివరకు లేదు. ఆకు పసరుతో వాల్వు తెరుచుకుంటుందని ఎవరన్నా చెబితే, దానికి ముందూ తర్వాతా ఎకో చూపించమనండి. ఉప్పు మాత్రం తగ్గించండి. మామిడికాయ తొక్కు, ఊరమిరపకాయలు మొదట పక్కన పెట్టాల్సినవి.

బెలూన్ అంటే కోత ఉండదంటున్నరు, నిజమేనా?

నిజమే. ఇరుకైన మైట్రల్‌కు అది. గజ్జల దగ్గర సిర ద్వారా సన్నటి గొట్టం గుండెలోకి పంపి, పై గదుల మధ్య గోడను దాటించి, వాల్వు మధ్యలో బెలూన్‌ను ఉబ్బిస్తారు. అతుక్కున్న అంచులు విడిపోతాయి. ఇనోవే అనే జపాన్ సర్జన్ 1984లో దీన్ని లోకానికి చెప్పాడు. మనలాంటి దేశాలకు ఇది చేసిన మేలు అంతా ఇంతా కాదు. మర్నాడో, రెండో రోజో ఇంటికి పంపుతారు. వాల్వు పల్చగా, మెత్తగా ఉండాలి, లీకు ఎక్కువ ఉండకూడదు, పై గదిలో రక్తపు గడ్డ ఉండకూడదు. కొందరికి ఏళ్ల తర్వాత మళ్లీ ఇరుకవుతుంది.

పెద్దవాళ్ల అయోర్టిక్‌కు కూడా ఛాతీ కోయకుండా గజ్జల దగ్గరి ధమని నుంచి కొత్త వాల్వు పెట్టే పద్ధతి ఉంది, టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఖర్చు ఇప్పటికీ చాలా ఎక్కువ.

వాల్వు మార్చాలన్నరు. లోహందా, తోలుదా?

ముందు అడగాల్సింది: ‘మార్చకుండా బాగుచేయొచ్చా?’ లీకున్న మైట్రల్‌ను చాలాసార్లు కుట్టి, రింగు వేసి బాగుచేస్తారు. సొంత తలుపే మేలు. రుమాటిక్‌లో అది అన్నిసార్లూ కుదరదు.

లోహం వాల్వు ఇరవై ఏళ్లు దాటినా అరగదు. కానీ రక్తం గడ్డకట్టకుండా బతికినంత కాలం గోలీ వేసుకోవాలి. పశువు కణజాలంతో చేసిన వాల్వుకు ఆ గోలీ సాధారణంగా కొన్ని నెలలే, కానీ పది పదిహేనేళ్లకు చెడిపోతుంది, చిన్న వయసువాళ్లలో ఇంకా ముందే. అందుకే కుర్రవాళ్లకు లోహం, 65 దాటినవాళ్లకు కణజాలం అని స్థూలంగా చెబుతారు. నా అనుభవంలో వయసుతో పాటు ఇంకొకటి చూడాలి: మీ ఊరి నుంచి నెలకోసారి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే) రక్తపరీక్షకు పోయి రాగలరా? పోలేనివాళ్లకు లోహం వాల్వు కత్తి మీద సామే. పిల్లలు కనాల్సిన ఆడవాళ్లు ఈ మాట సర్జన్‌తో ముందే మాట్లాడుకోవాలి.

మన దేశంలోనే తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో తయారైన చిత్ర వాల్వును 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. తక్కువ ధరకు దొరికే ఆ వాల్వు ఎన్నో పేద కుటుంబాలకు దారి చూపింది.

ఆపరేషన్‌లో ఛాతీ ఎముక కోసి, గుండె పనిని యంత్రానికి అప్పగించి వాల్వు మారుస్తారు. వారం పది రోజులు దవాఖానలో. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా బిందె ఎత్తకండి, బండి నడపకండి. లోహం వాల్వు రాత్రి నిశ్శబ్దంలో గడియారంలా టిక్ టిక్ వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టదు, తర్వాత అదే ధైర్యంగా ఉంటుందని పేషెంట్లు చెప్పారు. ఆ శబ్దం మందగించి ఆయాసం వస్తే వాల్వు మీద గడ్డకట్టి ఉండొచ్చు. గంట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రక్తం పల్చబడే గోలీ వేసుకుంటే గోంగూర తినొద్దా?

తినొచ్చు. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఉంటుంది, అది వార్ఫరిన్, అసిట్రోమ్ గోలీల పనికి అడ్డం పడుతుంది. అందుకని ఆకుకూర మానేస్తే ఒంటికే నష్టం. వారానికి రెండుసార్లు తినేవాళ్లు రెండుసార్లే తినండి. నెలంతా ముట్టుకోకుండా, పెళ్లింట్లో మూడు పూటలూ గోంగూర తినడం లాంటివి వద్దు. గోలీ మోతాదు మీ తిండికి తగ్గట్టు మేం సర్దుతాం. తిండే ఊగుతుంటే మేం ఏమీ సర్దలేం.

లోహపు మైట్రల్ వాల్వుకు ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5, అయోర్టిక్‌కు ఎక్కువమందిలో 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. గోలీ రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోండి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి.

అసలు ప్రమాదం గోంగూరతో కాదు, ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్‌తో. ఊర్లో పిర్రకు నొప్పుల సూది వేయించుకుని, లోపల రక్తం గూడుకట్టి, తొడ దాకా నల్లబడి వచ్చినవాళ్లను చూశాను. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా మొదటి మాటగా ‘నాకు వాల్వు మార్చిన్రు, రక్తం పల్చబడే గోలీ వాడుతున్న’ అని చెప్పండి. పెనిడ్యూర్ సూది కూడా వాడుతుంటే, దాన్ని సూదిగా ఇవ్వాలా గోలీలుగా మార్చాలా అన్నది ఐఎన్‌ఆర్ చూసి నిర్ణయిస్తాం. పరీక్ష అక్కర్లేని కొత్త రకం గోలీలున్నాయి కదా అని కొందరు అడుగుతారు. లోహం వాల్వు ఉన్నవాళ్లకు, రుమాటిక్ మైట్రల్ ఇరుకుతో గుండె లయ తప్పినవాళ్లకు అవి పనికిరావు. పాత గోలీయే శరణ్యం.

పెండ్లి చెయ్యొచ్చా? పిల్లలు పుడ్తరా?

చాలామందికి చేయొచ్చు, పుడతారు. దాచి మాత్రం చేయకండి. గర్భంలో ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. ఇరుకైన మైట్రల్ దాన్ని తట్టుకోలేదు. ఏడెనిమిది నెలల్లోనూ, కాన్పు అయిన వెంటనేనూ ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. అత్తగారింట్లో జబ్బు దాచినందుకు సూది మానేసి, గోలీ మానేసి, ఏడో నెలలో నురగ కక్కుతూ వచ్చిన బిడ్డలను చూశాక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ముందు ఎకో, అవసరమైతే ముందే బెలూన్, ఆ తర్వాత గర్భం. గర్భంతో ఉన్నప్పుడు జబ్బు బయటపడినా బెలూన్ చేసే వీలుంది.

లోహం వాల్వు ఉండి వార్ఫరిన్ వాడేవాళ్లు నెల తప్పిందని అనుమానం రాగానే డాక్టరు దగ్గరికి రావాలి. 6 నుంచి 12 వారాల మధ్య ఆ గోలీ శిశువుకు హాని చేయొచ్చు. అలాగని సొంతంగా ఆపేస్తే వాల్వు గడ్డకట్టి తల్లికే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ సూదులకు మార్చడం దవాఖానలో చేసే పని.

పన్ను పీకించుకోవచ్చా?

వాల్వు మార్చినవాళ్లు, ఇంతకుముందు వాల్వుకు చీము పట్టినవాళ్లు పన్ను పీకించుకునే ముందు అరగంట నుంచి గంట మధ్య యాంటీబయాటిక్ వేసుకోవాలి. పెద్దవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు. పెనిసిలిన్ సూది వాడుతున్నా, పడకపోయినా వేరే మందు రాస్తారు. రోజూ పళ్లు తోముకోవడం దీనికన్నా ముఖ్యం. వాల్వు జబ్బు ఉన్న మనిషికి వారం దాటి జ్వరం ఉంటే, ఊర్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించండి. మందు పడ్డాక చేస్తే క్రిమి దొరకదు, ఏ మందు ఇవ్వాలో తెలియదు.

పైసలెట్ల? ఏడికి పోవాలె?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. బెలూన్, వాల్వు ఆపరేషన్ దాని కిందికి వస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్, ఎకో రిపోర్టు పట్టుకుని దవాఖానలోని ఆరోగ్యమిత్రను కలవండి. కార్డులో పిల్లల పేరు ఎక్కిందో లేదో జబ్బు పడకముందే చూసుకోండి.

మొదటి పరీక్షకు నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నాయి. భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. ఆపరేషన్లకు హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద బడికి వచ్చే డాక్టర్లు పిల్లల గుండె కూడా వింటారు. ఆ రోజు పిల్లను బడి మాన్పించకండి.

మేం బొంబాయికి పనికి పోతున్నం. పిల్ల సూది ఎట్ల?

పాలమూరు నుంచి వచ్చే ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మక్తల్, నారాయణపేట, కొల్లాపూర్ వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దీపావళి దాటగానే బయల్దేరుతాయి. ఉగాదికి తిరిగొస్తాయి. ఆ మధ్యలో ఆరేడు సూదులు పోతాయి.

బయల్దేరే ముందు రోజు ఒక సూది వేయించండి. మందు పేరు, మోతాదు, చివరి సూది తేదీ, ఎకోలో ఏముందో ఒక కాగితం మీద రాసిమ్మని డాక్టరును అడగండి. ఇంగ్లీషులో రాసిస్తే పుణెలోనైనా, ముంబైలోనైనా చదువుతారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి. పని చేసే చోటికి దగ్గరలోని ప్రభుత్వ దవాఖానకు చేరిన వారంలోనే పోయి కాగితం చూపించి రండి, సూది రోజు దాకా ఆగకుండా. అక్కడ మందు లేదంటే రోజుకు రెండుసార్లు వేసుకునే పెనిసిలిన్ గోలీలు రాయమనండి. పిల్లను అవ్వ దగ్గర ఊర్లోనే వదిలిపోతుంటే, కాగితం అవ్వ చేతిలో పెట్టి, మీ ఆశా కార్యకర్తకు తేదీలు చెప్పి పోండి.

సూది తేదీ దాటిపోయిందా? వచ్చే 21వ రోజు కోసం చూడకండి. గుర్తొచ్చిన రోజే పోయి వేయించండి, అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టండి. ఆరు నెలలు మానేసి వచ్చినా మా దగ్గర ఎవరూ తిట్టరు. పిల్లను లోపలికి తీసుకురండి.